కవితల పోటీలు – న్యాయనిర్ణేతల బాధ్యత

ఉగాది వచ్చిందంటే కవి సమ్మేళనం, మీలాదున్నబీ వచ్చిందంటే నాతియా ముషాయిరా, గ్రంథాలయ వారోత్సవాలు వచ్చాయంటే విద్యార్థులకు కవితల పోటీ. ఇవి మన పత్తికొండ, ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలకు క్రొత్త కావు. వీటిని జరిపేవారు జీతానికి పనిచేసేవారు కారు. ఒక ఉపాధ్యాయుడు, ఒక బట్టల దుకాణదారు, పదవీ విరమణ చేసిన ఒక గుమాస్తా, నలుగురు విద్యార్థులు కలిసి చందాలు పోగుచేసి, కుర్చీలు మోసి, మైకు తెచ్చి, చివరకు తీర్పు కూడా తామే చెబుతారు. వారి సేవను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నేనూ వారిలో ఒకణ్ణే. అయితే పోటీ ముగిసిన మరునాడు “ఎవరు గెలిచారు?” అని అడిగేవారే గాని, “ఎట్లా గెలిచారు?” అని అడిగేవారు కనిపించరు. ఆ రెండవ ప్రశ్నకు జవాబు చెప్పుకోవలసిన అవసరాన్ని మన కళాశాల పాలకవర్గం ముందు, విద్యార్థుల ముందు ఉంచడానికే ఈ వ్యాసం వ్రాస్తున్నాను.

కవితల పోటీలో వచ్చేది ఒక చిన్న పుస్తకమో, ఒక ప్రశంసాపత్రమో గదా, దీనికి ఇంత విచారణ అవసరమా అని కొందరికి తోచవచ్చు. బహుమతి చిన్నదే. కాని పదిహేడేళ్ళ వయస్సులో మొదటిసారి తన మనస్సులోని మాటను కాగితం మీద పెట్టి పరుల చేతికిచ్చిన పిల్లకు అది చిన్న విషయం కాదు. ఆ కాగితం మీద మనం చెప్పే తీర్పు ఆమె మళ్ళీ కలం పట్టడమో, పట్టకపోవడమో నిర్ణయిస్తుంది. పెద్ద కవులకు ఓటమి ఒక అనుభవం. లేత కలానికి అది ఒక్కొక్కప్పుడు అంతిమ తీర్పు.

మనది రెండు లిపుల కళాశాల. ఈ వార్షిక సంచికనే ఉర్దూ చదువరి ఒక వైపు నుండి తెరుస్తాడు, తెలుగు చదువరి మరొక వైపు నుండి తెరుస్తాడు. పత్తికొండ నుండి గుత్తికి పోయే త్రోవలో ఉన్న ఎర్రగుడి వద్ద క్రీస్తుకు పూర్వం 3వ శతాబ్దంలో అశోకుడు చెక్కించిన శాసనం ఉంది. అందులో కొన్ని పంక్తులు ఎడమ నుండి కుడికి, మరికొన్ని కుడి నుండి ఎడమకు సాగుతాయి. రెండు దిక్కుల వ్రాత ఒకే బండ మీద ఇమడడం ఈ నేలకు క్రొత్త కాదన్నమాట. కన్నడం కూడా మన సంతలలో, మన బంధుత్వాలలో కలిసే ఉంది. ఇటువంటి చోట కవితల పోటీ జరిపేవాడు ఒక భాషా పాండిత్యంతో ఒడ్డున పడలేడు. ఈ మాట ముందుగా ఎందుకు చెబుతున్నానో మీకు త్వరలోనే తెలుస్తుంది.

మనకు వారసత్వంగా వచ్చిన కవితా సభలు రెండు: ముషాయిరా, అవధానం. ముషాయిరా నిజానికి పోటీ కాదు, అది మర్యాద. షమా ముందుగా చిన్నవారి ఎదుటకు వస్తుంది, ఉస్తాదుల వద్దకు చివరకు చేరుతుంది. మీర్జా ఫర్హతుల్లా బేగ్ ‘దిల్లీ కీ ఆఖరీ షమా’గా పేరుపొందిన తన రచనలో 1845 నాటి దిల్లీ ముషాయిరా ఒకదానిని ఊహించి చిత్రించాడు. అది చదివినవారికి షమా ఎవరి ముందు ఎప్పుడు నిలవాలన్నది ఎంత సున్నితమైన విషయమో అర్థమవుతుంది. శ్రోతలు “ముకర్రర్” అంటే మళ్ళీ చదవడం, దాద్ అందితే సలాం చేయడం, లోపముంటే తరువాత ఏకాంతంలో ఉస్తాదు ఇస్లాహ్ ఇవ్వడం అక్కడి పద్ధతి. అక్కడ పెద్దరికాన్ని గౌరవించడం ధర్మమే. ఆ మర్యాదను అట్లాగే తెచ్చి పోటీలో పెడితే మాత్రం అది పక్షపాతమవుతుంది. సభలో పెద్దవాడు చివర చదవవచ్చు. పోటీలో పెద్దవాడి కొడుకు ముందు నిలవరాదు.

అవధానం మరొక త్రోవ. అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిది మంది. సమస్య ఇచ్చేవారు, దత్తపది ఇచ్చేవారు, నిషిద్ధాక్షరి పట్టేవారు, అప్రస్తుత ప్రసంగంతో ఏకాగ్రతను చెదరగొట్టేవారు - ఎవరి పని వారికి ముందే నిర్ణయమై ఉంటుంది. అడిగే ప్రశ్న సభ వింటుంది, చెప్పే పూరణం సభ వింటుంది. యతి తప్పినా, గణం తప్పినా పట్టుకోగలవారు సభలోనే ఉంటారు. అంటే న్యాయం బహిరంగత వలన నిలుస్తుంది. అంతటి బహిరంగ సభలు కూడా వివాదాలకు అతీతం కాలేదు. గత శతాబ్ది తొలి దశకాలలో తిరుపతి వేంకట కవులకూ కొప్పరపు సోదర కవులకూ మధ్య నడిచిన స్పర్ధలో అభిమానులు రెండుగా చీలిన సంగతి సాహిత్య విద్యార్థులకు తెలిసిందే. పద్యాన్ని తూచవలసిన చోట శిష్యవర్గాలు తూగితే ఏమవుతుందో దానివల్ల మనం గ్రహించవచ్చు.

ఇక నా స్వానుభవం ఒకటి చెప్పక తప్పదు. అందులో తప్పు నాదే కాబట్టి నిస్సంకోచంగా చెప్పగలను.

కొన్నేళ్ళ క్రితం ఈ ప్రాంతంలోనే మిత్రులు కొందరు విద్యార్థులకు తెలుగు కవితల పోటీ జరిపారు. న్యాయనిర్ణేతలం ముగ్గురం. కవితల మీద పేర్లు లేవు, అంకెలు మాత్రమే ఉన్నాయి. కాగితాలు ఒకరి నుండి మరొకరికి అంది, ఎవరి ఇంట వారు చదివి మార్కులు వేశాం. అభిప్రాయం రెండు ముక్కలలో ప్రక్కన వ్రాయాలని, ఫలితాల తరువాత కవితలు తిరిగి ఇచ్చివేయాలని నిర్వాహకులు ఒక మంచి నియమం పెట్టారు. పేర్లు దాచాం గదా, ఇక మేము న్యాయానికి లోటు చేయలేదని ముగ్గురం తృప్తిపడ్డాం.

ఆ కవితలలో ఒకటి తాళం వేసిన ఇంటిని గురించినది. ఇంటి ముందర ముగ్గు లేదు, బడిలో చెల్లెలి పేరు పిలిస్తే పలికేవారు లేరు, అవ్వ ఒక్కతే గడప మీద కూర్చుని ఉంది. చివరి పంక్తి అంతా ‘సుగ్గి’ అన్న ఒక్క మాట మీద నిలిచి ఉంది. నేను కె.సి. కాలువ క్రింది ఊరిలో పుట్టి పెరిగినవాణ్ణి. విశ్వవిద్యాలయంలో తెలుగు ఎం.ఏ. చేశాను. కన్నడంలో సుగ్గి అంటే పంటకాలమని, కోతల సంబరమని చదివి ఎరుగుదును. అందుచేత ఆ కవిత ప్రక్కన “సుగ్గి అనగా పంటల పండుగ. దుఃఖ సందర్భంలో ఈ పదప్రయోగం అనుచితం. అన్వయం కుదరలేదు” అని వ్రాసి, నూటికి 30 మార్కులు వేశాను. మిగిలిన ఇద్దరిలో ఒకరు 68, మరొకరు 65 ఇచ్చారు. మొత్తం 163. మూడవ బహుమతి పొందిన కవితకు వచ్చినవి 58, 56, 60. మొత్తం 174.

వారం తిరగకముందే ఒక అమ్మాయి ఆ కాగితం పట్టుకొని నా దగ్గరకు వచ్చింది. కోపంతో కాదు, సందేహంతో వచ్చింది. “మా అమ్మా నాయనా సుగ్గికి పోయినారు సార్. పండక్కి కాదు” అంది. ఆ తరువాత నేను ఆమెను అడిగి తెలుసుకొన్నది ఈ ప్రాంతపు విద్యార్థులందరికీ తెలిసిన విషయమే. వానలు మొగం చాటేసిన యేడు, చేలో పని లేనప్పుడు, ఇంటికి తాళం వేసి పిల్లాపాపలతో గుంటూరు వైపు పత్తి తీతకో మిరప కోతకో వలసపోవడాన్ని ఇక్కడ ‘సుగ్గికి పోవడం’ అంటారు. ఎవరి పంటో కోయడానికి పోవడం! ఒకరి పండుగ మరొకరికి వలస కావడమే ఆ కవిత చెప్పిన మాట. నేను అనుచితమన్న పదమే ఆ కవితకు ప్రాణం.

మిగిలిన ఇద్దరికీ ఆ సంగతి చెప్పాను. నిర్వాహకులకు నా పొరపాటు ఒప్పుకొంటూ ఉత్తరం వ్రాశాను. కాని బహుమతులు పంచడం జరిగిపోయింది. పొరపాటు తేలితే ఏమి చేయాలో నియమాలలో ఎక్కడా లేదు. మరుసటి యేడు మళ్ళీ పోటీ జరిగినప్పుడు వచ్చిన కవితలలో ఆ అమ్మాయిది లేదు. ఆ యేడు ఆమె కూడా సుగ్గికి పోయిందో, మా మీద నమ్మకమే పోయిందో నేను విచారించలేదు. విచారించడానికి ముఖం చెల్లలేదు.

ఈ సంఘటన నాకు నేర్పిన పాఠం ఒక్కటే. పక్షపాతం లేనంత మాత్రాన తీర్పు న్యాయమైపోదు. తెలియనితనం కూడా ఒక పక్షపాతమే. తనకు తెలియనిది ఏదో తెలియని న్యాయనిర్ణేత తన తప్పును తాను పట్టుకోలేడు. దానిని పట్టుకోగలిగేది ఓడినవాడు ఒక్కడే. కాబట్టి ఓడినవానికి కారణం చెప్పని పోటీ, ఎంత నిజాయితీగా జరిగినా, న్యాయమైన పోటీ కాదని నా నిశ్చితాభిప్రాయం. ఆ కాగితం మీద నేను రెండు ముక్కలు వ్రాసి ఉండకపోతే నా అజ్ఞానం ఈనాటికీ నాలోనే భద్రంగా ఉండేది.

అట్లాగని పేర్లు దాచడం అనవసరమని ఎవరూ అనుకోరాదు. అది మొదటి మెట్టు. వేల్స్ దేశంలో ఐస్టెడ్‌ఫడ్ అనే కవితోత్సవం జరుగుతుంది. అక్కడ కవులు మారుపేర్లతోనే కావ్యాలు పంపుతారు. తీర్పు వెలువడిన తరువాత విజేత మారుపేరు పిలిచి, బూర ఊదితే, ఆ కవి సభలో లేచి నిలబడాలి. 1917లో బర్కెన్‌హెడ్ నగరంలో జరిగిన ఉత్సవంలో అట్లా పిలిస్తే ఎవరూ లేవలేదు. గెలిచిన కవి హెద్ విన్ అనే రైతుబిడ్డ. అంతకు కొద్ది వారాల ముందే, జులై 31న, బెల్జియం యుద్ధభూమిలో మరణించాడు. ఆయనకు ఇవ్వవలసిన పీఠం మీద నల్లని వస్త్రం కప్పారు. పేరు దాచిన పద్ధతి గనుకనే ఎవరి స్థితిగతులనూ చూడకుండా కావ్యాన్నే చూసి తీర్పు చెప్పగలిగారు. మరొక విశేషమేమంటే, అక్కడ న్యాయనిర్ణేతల విమర్శలు గెలిచిన కావ్యంతో పాటు అచ్చవుతాయి. అంటే తీర్పు చెప్పేవాడు కూడా పదిమంది ఎదుట పరీక్షకు నిలబడతాడు.

మన దగ్గర పేరు దాచడంలో కొన్ని చిక్కులున్నాయి. గజల్ చివరి షేర్ అయిన మక్తాలో కవి తన తఖల్లుస్ పెట్టుకోవడం సంప్రదాయం. కాగితం మీద పేరు కొట్టివేసి మక్తాలో తఖల్లుస్‌ను వదిలివేస్తే, ముందు తలుపు మూసి వెనుక తలుపు తెరిచినట్లే. పోటీకి వచ్చే గజళ్ళలో మక్తా ఉండరాదని, ఉంటే తఖల్లుస్ లేకుండా ఉండాలని ముందే చెప్పాలి. తెలుగులో శతక పద్యానికి మకుటం ఉంటుంది. ఒకే మకుటంతో వ్రాసే విద్యార్థిని అధ్యాపకుడు ఇట్టే గుర్తుపడతాడు. ఇక చేతివ్రాత సంగతి చెప్పనక్కరలేదు. సంవత్సరమంతా దిద్దిన వ్రాతను ఏ అధ్యాపకుడూ మరచిపోడు. కాబట్టి అన్ని కవితలనూ ఒకే చేతితో తిరగవ్రాయించాలి, లేదా టైపు చేయించాలి. తిరగవ్రాసేటప్పుడు అక్షరదోషాలను దిద్దరాదు, క్రొత్తవి చేర్చరాదు.

పేరు దాచడం తెలిసినవారికి మేలు జరగకుండా ఆపడానికే కాదు. పేరు చూసి కవితను చదవడం మానేసేవారి నుండి కవితను కాపాడడానికి కూడా అది అవసరం. 1895లో వినుకొండలో పుట్టిన గుర్రం జాషువా కులం పేరిట తాను పొందిన అవమానాలను ‘నా కథ’లో చెప్పుకొన్నాడు. ఆ జాషువా కాలికే చెళ్ళపిళ్ళ వెంకటశాస్త్రి తన చేతులతో గండపెండేరం తొడిగాడు. ఒకవైపు పద్యం కంటె ముందు పేరునే చదివిన లోకం, మరొకవైపు పద్యాన్ని చదివి తలవంచిన పండితుడు. మన పోటీలు ఆ పండితుని వైపు నిలవాలి.

మన విద్యార్థులకు ఎదురయ్యే మరొక రకం అన్యాయం ఉంది. అది తియ్యగా ఉంటుంది గనుక ఎవరూ దానిని అన్యాయమనరు. “ముస్లిం అయినా తెలుగు పద్యం చక్కగా వ్రాశాడు” అంటారు. “హిందువుల అబ్బాయి అయినా ఉర్దూ గజల్ చెప్పాడు” అంటారు. ఆ ‘అయినా’ అన్న మాటకు కూడా కొందరు అయిదు మార్కులు కలుపుతారు. పిఠాపురం వాసి ఉమర్ అలీషా (1885–1945) తెలుగులో కావ్యాలు వ్రాసి కవిగా నిలిచాడు. ఫిరాఖ్ గోరఖ్‌పురీగా ప్రసిద్ధుడైన రఘుపతి సహాయ్ ఉర్దూ కవిత్వానికి 1969 జ్ఞానపీఠ పురస్కారం పొందాడు. వీరికి ఎవరూ ‘అయినా’ మార్కులు వేయలేదు. భాష ఏ ఒక్కరి సొత్తూ కాదు. దయతో వేసిన మార్కు కవిని అతిథిని చేస్తుందే గాని ఆ ఇంటివాణ్ణి చేయదు.

మార్కుల లెక్కను గురించి కొంత చెప్పాలి. పైన చెప్పిన నా ఉదాహరణలో ముగ్గురిలో ఇద్దరు ఆ కవితను మూడవ బహుమతి కవిత కంటె మేలైనదిగా ఎంచారు. నా ఒక్కడి 30 ఆ ఇద్దరి అభిప్రాయాన్నీ మ్రింగివేసింది. ఒకరు 50కీ 60కీ మధ్యనే మార్కులు వేసి, మరొకరు 20 నుండి 90 దాకా వేస్తే, మొత్తం కూడినప్పుడు ఆ రెండవవాని మాటే చెల్లుతుంది. మనకు ఇది ముగ్గురి తీర్పుగా కనిపిస్తుంది, వాస్తవంలో ఒక్కడి తీర్పు. కాబట్టి మొదటి విడతలో మార్కులు ఏరివేతకు మాత్రమే వాడాలి. ముగ్గురిలో ఏ ఒక్కరు గట్టిగా పట్టుబట్టినా ఆ కవిత రెండవ విడతకు రావాలి. మార్కులలో 20కి మించిన తేడా ఉన్న ప్రతి కవితనూ ముగ్గురూ ఒకచోట కూర్చుని పైకి చదివి చర్చించాలి. ఆనాడు అట్లా కూర్చుని ఉంటే, “సుగ్గి అంటే వలస గదయ్యా” అని ఆ ఇద్దరిలో ఎవరో ఒకరు నాకు చెప్పి ఉండేవారు. చర్చ ముగిసిన తరువాత మిగిలిన అయిదారు కవితలకు మార్కులు కాక వరుస సంఖ్యలు వేయాలి. ఒకటి, రెండు, మూడు అని ఎవరికి వారు వ్రాసి ఇస్తే, ఒక్కరి అతిశయం మిగిలినవారిని మ్రింగే అవకాశం తగ్గుతుంది.

న్యాయనిర్ణేతలను ఎన్నుకోవడంలో ప్రాచీన గ్రీకుల జాగ్రత్త గమనింపదగినది. ఏథెన్స్ నగరంలో నాటకకవుల పోటీలకు పది తెగల నుండి పదిమందిని చీటీ వేసి ఎంచేవారు. వారు వ్రాసి ఇచ్చిన పది తీర్పులలో కూడా అయిదింటిని మాత్రమే చీటీగా తీసి లెక్కించేవారు. ఎవరి తీర్పు చెల్లుతుందో ముందు తెలియకపోతే లంచమిచ్చేవాడికి లాభం తగ్గుతుంది గదా! మనకు అంత ఏర్పాటు అక్కరలేదు. ముగ్గురు చాలు. వారిలో ఒకరు ఈ ప్రాంతపు పలుకుబడి ఎరిగినవారు, ఒకరు ఈ ఊరితో సంబంధం లేనివారు, ఒకరు ఆ ప్రక్రియలో అభ్యాసం ఉన్నవారు కావాలి. గజల్‌కు వజన్, కాఫియా, రదీఫ్ తెలిసినవారు, పద్యానికి యతిప్రాసలు, గణాలు తెలిసినవారు ఉండాలి. ఉర్దూకూ తెలుగుకూ కలిపి ఒకే బహుమతి పెట్టరాదు. పద్యాన్నీ వచన కవితనూ ఒకే తక్కెడలో తూచరాదు. బహుమతికి డబ్బు ఇచ్చిన దాతకు సభలో శాలువ కప్పవచ్చు. న్యాయనిర్ణేతను సూచించే అధికారం మాత్రం ఇవ్వరాదు.

దోషానికీ అభిరుచికీ తేడా పాటించడం మరొక అవసరం. బహర్ తప్పడం, గణం తప్పడం వేలు పెట్టి చూపగల దోషాలు. “నాకు నచ్చలేదు” అన్నది దోషం కాదు, అభిప్రాయం. ఒకదానిని మరొకదాని వేషంలో ప్రవేశపెట్టరాదు. మాండలికాన్ని దోషమనే ముందు ఆ మాట వాడే ఊరిలో ఒకరిని అడగాలి. నాత్‌కూ భక్తి పద్యానికీ మార్కులు వేసేటప్పుడు కూడా ఈ వివేకం అవసరం. భక్తిని తూచే తక్కెడ మన చేతిలో లేదు. మనం చూడగలిగేది రచనను మాత్రమే. ఆ మాట ముందే ప్రకటించకపోతే, ఓడినవాడు తన భక్తికే తక్కువ మార్కులు వచ్చాయని బాధపడతాడు.

పైకి చదివే పోటీలలో గొంతు కవితను మించిపోతుంది. తరన్నుమ్‌లో సాగిన సాధారణమైన గజల్‌కు చప్పట్లు కురుస్తాయి. తహత్‌లో మెల్లగా చదివిన మంచి నజ్మ్ నిశ్శబ్దంలో మునిగిపోతుంది. వాహ్వా అనే మిత్రబృందాన్ని వెంటబెట్టుకొని వచ్చేవారు కూడా ఉన్నారు. కవితకు ఒక బహుమతి, పఠనానికి వేరొక బహుమతి పెడితే ఈ చిక్కు తీరుతుంది. సభలో చదవడానికి జంకే విద్యార్థినుల కవితను మరొకరు చదవడానికి అనుమతి ఉండాలి.

ఈ కాలపు చిక్కు ఇంకొకటి ఉంది. ఫోనులో వెదికితే వేల కవితలు దొరుకుతాయి. అడిగిన క్షణంలో కవిత అల్లి ఇచ్చే యంత్రాలు కూడా వచ్చాయి. ఏది విద్యార్థి సొంతమో ఇంట వ్రాసి తెచ్చిన కాగితం చెప్పదు. దీనికి మందు మన పెద్దల దగ్గరే ఉంది. తరహీ ముషాయిరాలో ఒక మిస్రా ఇచ్చి దాని మీద గజల్ చెప్పమనేవారు. అవధానంలో సమస్య ఇచ్చి అక్కడికక్కడే పూరించమంటారు. అదే విధంగా ఏరిన పదిమంది విద్యార్థులను పిలిచి, ఒక మిస్రానో ఒక విషయాన్నో ఇచ్చి, గంట సేపు కూర్చోబెట్టి వ్రాయించవచ్చు. దొంగను పట్టడం కంటె దొంగతనానికి తావు లేకుండా చేయడం మర్యాద.

ఇన్ని నియమాలు చెబితే నిర్వాహక మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పవచ్చు. మొదటిది, “మేము ఉచితంగా చేస్తున్నాం, మా తప్పులు పట్టరాదు” అన్నది. ఉచితంగా నీళ్ళు పోసేవాడు కూడా కుండ కడగాలి గదా! అయినా వారి శ్రమను తగ్గించే ఉపాయం ఉంది. 60 కవితలు వస్తే, కవితకు పది నిమిషాల చొప్పున ఒక్కొక్క న్యాయనిర్ణేతకు పది గంటల పని. రెండుసార్లు చదివితే ఇరవై గంటలు. అందుచేత ఒక్కొక్కరు ఒక్క కవితే పంపాలని, ఇన్ని పంక్తులు మించరాదని నియమం పెట్టాలి. ఫలితాల తేదీని రెండు వారాలు వెనుకకు జరపాలి. ముఖ్య అతిథి వచ్చే తేదీని బట్టి తీర్పును తొందరపెట్టడం వల్లనే సగం పొరపాట్లు జరుగుతున్నాయి.

రెండవ ఆక్షేపణ, కవిత్వం హృదయానికి సంబంధించినది, దానిని నియమాలతో బంధించరాదన్నది. నిజమే. ఆ మాట కవికి వర్తిస్తుంది, న్యాయనిర్ణేతకు కాదు. కవి ఎంత స్వేచ్ఛగా వ్రాస్తే అంత మంచిది. తీర్పు చెప్పేవాడు ఎంత కట్టుబడి చెబితే అంత మంచిది. ఎవరికీ మనస్సు నొవ్వరాదని మొదటి బహుమతిని నలుగురికి పంచడం కూడా దయ అనిపించుకోదు. అర్హమైన కవిత లేని యేడు బహుమతి లేదని చెప్పే ధైర్యం ఉండాలి. ఉన్న యేడు ఇది మేలైనది, ఇందుచేత మేలైనది అని చెప్పే ధైర్యమూ ఉండాలి.

కళాశాల పాలకవర్గానికి నా విన్నపం ఇది. వచ్చే విద్యాసంవత్సరం నుండి మన కళాశాలలో జరిగే ఉర్దూ, తెలుగు కవితల పోటీలకు ఒక చిన్న నియమావళిని రెండు భాషలలో అచ్చువేయించి, పోటీకి నెల రోజుల ముందే విద్యార్థుల చేతికివ్వాలి. పేర్ల పట్టీ న్యాయనిర్ణేతలు కాని ఒకరి దగ్గర, ముద్రవేసిన కవరులో ఉండాలి. నిర్వాహకుల పిల్లలు, దగ్గరి బంధువులు పోటీలో పాల్గొనరాదు. ప్రతి కవితనూ కనీసం రెండు వాక్యాల అభిప్రాయంతో తిరిగి ఇవ్వాలి. ఫలితాలకూ బహుమతి ప్రదానానికీ మధ్య ఒక వారం గడువుండాలి. కూడికలో తప్పుగాని, పదం అర్థం విషయంలో పొరపాటుగాని జరిగిందని విద్యార్థి చూపగలిగితే, ఆ వారంలోగా ముగ్గురూ మళ్ళీ కూర్చుని చూడాలి. అభిరుచి మీద పునర్విచారణ అక్కరలేదు. పొరపాటు మీద తప్పక ఉండాలి.

విద్యార్థి మిత్రులారా! మీ కవితకు బహుమతి రాకపోతే బాధపడండి. అది సహజం. కాని ఎందుకు రాలేదని వినయంగా అడగండి. అడగడం అవిధేయత కాదు. మీ ఊరి మాట ఒకటి మాకు తెలియక మేము దానిని తప్పు అని వ్రాస్తే, ఆ కాగితం పట్టుకొని మా గది తలుపు తట్టండి. పాఠం చెప్పడానికి వచ్చిన మాకు ఆనాడు మీరే పాఠం చెప్పినవారవుతారు. ఒక అమ్మాయి నాకు అట్లా చెప్పింది. ఆమె అడిగినప్పుడు దిద్దుకొనే అవకాశం మా నియమాలలో లేకపోయింది. మీరు అడిగేనాటికైనా ఆ అవకాశం ఉండాలన్నదే నా కోరిక.